నీళ్ళు చూసి వండిన కిచిడీ

మొన్న కాటారంలో ఒక పెళ్ళికి వెళ్ళాను. భోజనాల దగ్గర ఎవరో నీళ్ళ గ్లాసు చేతికిచ్చారు. తాగే ముందు అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అంట్లు తోమిన సబ్బు వాసన, దాని వెనక ప్లాస్టిక్ క్యాను వాసన. పక్కన కూర్చున్నామె కంగారుపడి తన గ్లాసు కూడా కింద పెట్టేసింది. "ఏమైందక్కా, నీళ్ళు ఖరాబయినయా?" అని అడిగింది. "ఏం కాలేదమ్మా, నాకు గిదొక రోగం" అని నవ్వేశాను. ఆ రోగం అంటించిన మనిషి పేరు ఖాదర్ చాచా. జనగామ జిల్లాలో రఘునాథపల్లి దాటాక రోడ్డు పక్కన ఆయనకు ఒక హోటల్ ఉండేది. ఇవాళ నేను భూపాలపల్లిలో సొంతంగా హోటల్ నడుపుకుంటున్నానంటే అది ఆయన చలవే.

చాచా నెమ్మదస్తుడేమీ కాదు. ఇస్త్రీ నలగని తెల్ల లాల్చీ, జేబులో దువ్వెన, నోరు తెరిస్తే గొప్పలు. ఒకసారి ఢిల్లీలో ఏదో పెద్ద విందుకు వెళ్ళి, కొండల్లో ఊట దగ్గరే సీసాలో పట్టిన నీళ్ళు తాగి వచ్చాడట. అప్పటి నుంచి మనిషికి పిచ్చి పట్టింది. కూల్‌డ్రింకులు తీయించేసి, అద్దాల ఫ్రిజ్ నిండా నీళ్ళ సీసాలు పెట్టించాడు. హిమాలయాల ఊట నీళ్ళు, ఆకుపచ్చ సీసాల్లో విదేశాల గ్యాస్ నీళ్ళు, నాలుక మీద బరువుగా నిలిచే ఖనిజాల నీళ్ళు. ఏ కూరకు ఏ నీళ్ళు తాగాలో మెనూ కార్డులో అచ్చు వేయించాడు. లారీ డ్రైవర్లు ఆ కార్డు ఒకరికొకరు చదివి వినిపించుకుని పడీపడీ నవ్వేవాళ్ళు. నీళ్ళ వాసన తెలియదని అత్తరు కూడా మానేశాడు. శుక్రవారం నమాజుకైనా పూసుకొమ్మని ఆయన భార్య, మా చాచీ, బతిమాలేది. ఆయన వినేవాడు కాదు.

మాది మహబూబాబాద్ జిల్లా, గార్ల దగ్గర తండా. ఇంట్లో మా భాష మాట్లాడుకుంటాం, తెలుగు బళ్ళో నేర్చుకున్నదే. హోటల్ పని కోర్సు చదివాను కానీ సిటీ హోటళ్ళలో నా మాట విని పెదవి విరిచారు. యాస బాగా లేదన్నారు. చాచా దగ్గరికి వెళ్ళేసరికి నోరు విప్పడమే మానేశాను. ఆయన సర్టిఫికెట్లు పక్కకు నెట్టి, మూడు గాజు గ్లాసుల్లో సగం సగం నీళ్ళు పోసి నా ముందు పెట్టాడు.

"తాగి చెప్పు. ఎట్లున్నయి?"

"మంచిగున్నయి సార్."

"మంచిగుంటయని నాకు తెల్వదా? మూడు ఒక్కతీరుగనే ఉన్నయా?"

మళ్ళీ తాగాను. "ఇవి పలుచగున్నయి. ఇవి జర బరువున్నయి, మింగినంక గూడ నాలుక మీదనే ఉన్నయి. గివైతే..." అని ఆగాను. "కాగబెట్టి సల్లార్చిన తీరుగున్నయి సార్. సప్పగ, పానం లేనట్టు."

చాచా బల్ల మీద చరిచాడు. "గవి ఫిల్టర్ నీళ్ళు బేటా! నీళ్ళల్ల ఉన్నదంత గుంజేస్తరు, ఇంకేం మిగుల్తది? రేపటికెల్లి పనికి రా. ఇంకోటి, నన్ను సార్ అనకు, చాచా అను." నేను చెప్పిన మాట ఒకరికి నచ్చడం అదే మొదటిసారి. తిరుగు బస్సులో నాలో నేనే నవ్వుకుంటుంటే కండక్టర్ వింతగా చూశాడు.

పనిలో చేరాక ఆయన నాకు నేర్పింది ముందు అన్నం చూసి, తర్వాత నీళ్ళు ఎంచడం. నెయ్యి తేలే మటన్ కూర తింటుంటే బరువైన నీళ్ళు ఇవ్వాలి, నోట్లో జిడ్డును కడుగుతాయి. పెరుగన్నానికి పలుచటి ఊట నీళ్ళు చాలు. కారం కూరలకు గ్యాస్ నీళ్ళు ఇస్తే మంట మీద మంట. ఐసు ముక్కలు అడిగితే మాత్రం ఆయనకు ఒళ్ళు మండేది. "గంత దూరంకెల్లి వచ్చిన నీళ్ళల్ల మన బోరు నీళ్ళ ఐసేస్తే ఏమన్న ఉంటదా?" అని గిరాకీతోనే కొట్లాటకు దిగేవాడు. అలా లేచిపోయినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళు వెళ్ళాక కాసేపు దిగులుపడి, తర్వాత తనదే రైటని మాకు మళ్ళీ మొదటి నుంచి చెప్పేవాడు.

ఒక మధ్యాహ్నం కారులో నలుగురు దిగారు. ఖరీదైన నీళ్ళంటే ఆకుపచ్చ సీసాయేనని, కారం దట్టించిన నాటుకోడి కూరలోకి దాన్ని తెమ్మన్నారు. "గది వద్దు సార్, నోరు మండుతది. ఊట నీళ్ళు తీస్కోండ్రి" అన్నాను. అందులో ఒకాయన నా మాటను అచ్చం సినిమాలో కమెడియన్‌లా తిప్పి పలికాడు. మిగతావాళ్ళు ఘొల్లున నవ్వారు. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. చాచా గల్లా దగ్గర నుంచి లేచి వచ్చాడు. కొడతాడేమోనని భయపడ్డాను. ఆయన మాత్రం మర్యాదగా ఆకుపచ్చ సీసా మూత తీసి, అందరికీ పోసి, పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రెండు ముద్దలు తిని ఆ నీళ్ళు తాగాడో లేదో, వెక్కిరించినాయన ముఖం ఎర్రబడి దగ్గు అందుకున్నాడు. "ఇగ మా బిడ్డ చెప్పిన నీళ్ళు తాగుండ్రి" అన్నాడు చాచా. తర్వాత నన్ను వంటింట్లోకి పిలిచి, "నీ మాట నువ్వు మార్చుకున్నవనుకో, నీకు జీతం బంద్" అని బెదిరించాడు.

కొన్నేళ్ళకు చాచాకు క్యాన్సర్ అన్నారు. వరంగల్ దవాఖానలో మందు ఎక్కించడం మొదలుపెట్టారు. నోట్లో పుండ్లు లేవు, మింగడానికి అడ్డం లేదు, కానీ రుచి పోయింది. ఏది పెట్టినా ఇనుము నాకినట్టుందని ఉమ్మేసేవాడు. లాల్చీలో మనిషి సగమయ్యాడు. ఇంకా బరువు తగ్గితే తరువాతి మందు ఎక్కించలేమని డాక్టర్ తేల్చి చెప్పారు. చాచీ వండని వంటకం లేదు. "రోజొకటి చేస్తున్న బిడ్డా, నక్కో నక్కో అని మొకం తిప్పుకుంటున్నరు" అని నా చేయి పట్టుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. ఆయన లేకపోతే నేనేమైపోతానా అని కూడా అనిపించింది, ఎందుకు దాచుకోవాలి.

డాక్టర్‌ను అడిగి, ఫ్రిజ్‌లోని సీసాలన్నీ ఆటోలో వేసుకుని చాచా ఇంటికి వెళ్ళాను. ఇన్నాళ్ళూ అన్నం చూసి నీళ్ళు ఎంచాం. ఇప్పుడు అన్నం పనికిరావడం లేదు కాబట్టి ముందు నీళ్ళే తేల్చుకుందామనుకున్నాను. మంచం పక్కన కూర్చుని ఒక్కొక్కటే చెంచాతో ఇచ్చాను. ఊట నీళ్ళకు తల అడ్డంగా ఊపాడు. బరువు నీళ్ళు నోట్లో పడగానే ఉమ్మేశాడు. ఆకుపచ్చ సీసా మూత తీసి, గ్యాస్ సగం పోయేదాకా ఉంచి ఇచ్చాను. మింగాడు. కాసేపాగి మళ్ళీ నోరు తెరిచాడు.

"ఇనుము ఉన్నదా చాచా?"

"ఉన్నది. గని... జర దూరం జరిగింది."

నేను వంటింట్లోకి పరుగెత్తాను. ఈ నీళ్ళకు ఏ అన్నం సరిపోతుందో చాచీ, నేను నిలబడే ఆలోచించాం. కారం అసలు వద్దు. కొంచెం పులుపుంటే నోరు లేస్తుంది. మెత్తగా, పలుచగా కిచిడీ వండి, చింతపండుతో ఎప్పుడూ చేసే ఖట్టా పులుసును చాచీ మిరపకాయ లేకుండా చేసింది. చల్లార్చి, పింగాణీ గిన్నెలో పెట్టి, ఒక ముద్ద, ఒక గుక్క, మళ్ళీ ఒక ముద్ద తినిపించాం. గిన్నెలో సగం అయిపోయాక చాచా నా వైపు కోపంగా చూశాడు.

"గ్లాసు నిండ పోసినవేంది? సగమే పొయ్యాలెనని ఎన్నిసార్లు చెప్పిన నీకు?"

చాచీ గోడకు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ తిట్టుకు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

వారం వారం అదే కిచిడీ, అవే నీళ్ళు. బరువు నిలబడింది, మందు ఎక్కించారు. చాచా లేచి హోటల్‌కు వచ్చాడు, ఆ తర్వాత కొన్నేళ్ళు బతికాడు. నోట్లో ఇనుము పోయింది కానీ, నీళ్ళ రుచి మాత్రం ఆయనకు మళ్ళీ తెలియలేదు. ఆ సంగతి గిరాకీకి తెలియనివ్వలేదు. కొత్త సీసా వచ్చినప్పుడల్లా నన్ను పక్కకు పిలిచి, మొదటి గుక్క నాకే ఇచ్చి, "చెప్పు బేటా, ఎట్లున్నయి?" అని అడిగేవాడు. నేను నాకు తోచిన మాటల్లో చెప్పేదాన్ని. అప్పుడు తాను కూడా ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని, "ఆఁ, గట్లనే ఉన్నయి" అనేవాడు.

ఆయన పోయి చాలా రోజులైంది. నా హోటల్‌కు కొత్త సీసా వస్తే ఇప్పటికీ మొదటి గుక్క నేనే తాగుతాను. ఎలా ఉన్నాయో పైకే చెబుతాను, పక్కన ఎవరూ లేకపోయినా. చెప్పాక కాసేపు ఆగుతాను.