తాగినాననే చెప్పాను

తాడిపత్రిలో ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీలో నేను సూపర్‌వైజర్‌ని. పొద్దంతా రాతి దుమ్ములో ఉండి, సాయంత్రం మొహం కడుక్కుని ఒక ప్రైవేటు స్కూలు ఆవరణలో పిల్లలకు కిక్ బాక్సింగ్ నేర్పుతాను. కుర్రతనంలో ఊరూరా పోటీలకు తిరిగినవాణ్ణి. కప్పులకంటే దెబ్బలే ఎక్కువ తెచ్చుకున్నాను. ఆ దెబ్బల గురించే పిల్లలకు గొప్పగా చెప్పేవాణ్ణి. "తలకు తగిలితేనే తల గట్టిపడతాది" అనేది నా మాట. ఎవరైనా కళ్లు తిరిగి కూర్చుండిపోతే, నీళ్లు తాగించి, మళ్లీ గ్లోవ్స్ తొడిగి నిలబెట్టేవాణ్ణి.

పోయిన వేసవిలో తల్లిదండ్రులందరినీ పిలిచి ఒక ప్రదర్శన పెట్టాను. చివర్లో, నా దగ్గర అందరికంటే బాగా ఆడే అమ్మాయిని నాతో తలపడమని పిలిచాను. ఇంటర్ చదివే పిల్ల. యాడికి అనే ఊరి దగ్గర పల్లె నుంచి బస్సులో వస్తుంది. ఆమెకు హెడ్ గార్డ్ పెట్టి, నేను మాత్రం పెట్టుకోలేదు. ఇంతమంది ముందు మాస్టరు తలకు దిండు కట్టుకుని నిలబడితే ఏం బాగుంటుందని నా ఉద్దేశం. "భయపడొద్దు, గట్టిగా కొట్టు" అన్నాను. మొదట్లో బాగానే తప్పించుకున్నాను. ఇంతలో ఆమె కాలు నా కణత మీద పడింది.

ఆ తర్వాత జరిగింది నాకు సరిగా గుర్తులేదు. ఎవరో తీసిన వీడియోలో చూసి తెలుసుకున్నాను. అందులో నేను లేచి నవ్వుతాను. మైకు తీసుకుని అందరికీ స్వాగతం చెబుతాను, కార్యక్రమం అయిపోవచ్చాక. కాసేపాగి మళ్లీ అదే స్వాగతం. నాలుక మడతపడుతుంటుంది. ఎప్పుడో పంచేసిన సర్టిఫికెట్ల కోసం టేబుల్ మీద తడుముకుంటాను. చివరికి పక్కకు ఒరిగి, ముందు వరుసలో కూర్చున్న ఆడవాళ్ల కాళ్ల దగ్గర కక్కుకుంటాను. వీడియో తీస్తున్న మనిషి గొంతు స్పష్టంగా వినిపిస్తుంది: "మాస్టరు బాగా ఏసుకొచ్చినాడప్పా." చుట్టూ నవ్వులు.

నా భార్య మాత్రం నవ్వలేదు. నేను మందు ముట్టనని ఆమెకు తెలుసు. వెంటనే కారు మాట్లాడి అనంతపురం తీసుకుపోయింది. స్కాన్ తీశారు. లోపల రక్తం కారలేదని డాక్టరమ్మ చెప్పింది.

"అయితే ఏం కాలేదు కదా మేడమ్?" అన్నాను.

"స్కాన్‌లో కనపడనంత మాత్రాన ఏం కాలేదని కాదు. ఇంతకుముందు ఇట్లా ఎప్పుడైనా అయిందా?"

"లేదు" అన్నాను.

"అబద్ధం మేడమ్" అంది నా భార్య. "మా పెండ్లయిన కొత్తలో ఒకసారి పోటీ నుంచి ఇంటికొచ్చి, నాయన యాడ అని అడిగినాడు. మా మామ చచ్చిపోయి అప్పటికి సంవత్సరమైంది మేడమ్. పొద్దున లేచి, నేనట్ల అడగలేదన్నాడు."

ఆ సంగతి నాకు ఇప్పటికీ గుర్తు లేదు. భార్య ఇన్నేళ్లు దాన్ని మనసులో పెట్టుకుందని కూడా తెలియదు. డాక్టరమ్మ ఆ సంగతి కాగితం మీద రాసుకుంది. తర్వాత చిన్న పిల్లలకు చెప్పినట్టు చెప్పింది. "పెరుగు ముంతకు గుడ్డ చుట్టి గట్టిగా కుదిపితే ముంత పగలదు. లోపల పెరుగు కదలకుండా ఉంటుందా? మీ హెడ్ గార్డ్ కూడా అంతే. పడిపోయిన దెబ్బలే కాదు, పడిపోని చిన్న దెబ్బలు కూడా ఏళ్ల తరబడి లోపల చేరుతుంటాయి. మానకముందే ఇంకొకటి తగిలితే ప్రాణానికే ప్రమాదం." ఎవరికి ఎంత నష్టం జరుగుతుందో ముందుగా చెప్పలేమని కూడా అంది.

కొన్నాళ్లు ఇంట్లో పడుకున్నాను. వెలుతురు చూస్తే తలనొప్పి. మళ్లీ ఫ్యాక్టరీకి పోయేసరికి ఆ వీడియో నాకంటే ముందే పోయింది. యజమాని పిలిచి అడిగాడు.

"ఏమప్పా, నువ్వు తాగవంటారే. పిల్లల ముందర ఏందది?"

ఆడపిల్ల కొట్టిన దెబ్బకు మతి తప్పిందని చెప్పడానికి నోరు రాలేదు. ఇన్నేళ్లుగా గట్టి తల అని చెప్పుకున్నవాణ్ణి.

"ఆ పొద్దు కొంచెం ఎక్కువైందన్నా" అన్నాను.

ఆయన నవ్వి వదిలేశాడు. నాకు హాయిగా అనిపించింది. మా ఊళ్లో తాగి పడినవాణ్ణి ఎవరూ ఎక్కువ రోజులు గుర్తుంచుకోరు. అడిగినవాళ్లందరికీ అదే చెప్పాను. తెలిసినప్పుడు నా భార్య మండిపడింది.

"నన్ను బజార్లో తాగుబోతు పెండ్లాం కింద చూస్తాండారు. ఆ పిల్ల చేతిలో దెబ్బ తిన్నానని చెప్పనీకి అంత నామోషీనా నీకు?"

ఆ అమ్మాయి క్లాసుకు రావడం మానేసింది. వాళ్ల నాన్నకు ఫోన్ చేశాను. "తాగే మనిషి దగ్గరికి ఆడపిల్లను ఎట్ల పంపేదన్నా? నువ్వే ఒప్పుకున్నావంట కదా" అని పెట్టేశాడు. నా పరువు కోసం చెప్పిన అబద్ధం పోయి ఆ పిల్ల మీద పడింది.

మరుసటి ఆదివారం నేనూ నా భార్యా బస్సెక్కాం. దున్నిన చేలు ఎర్రగా పడి ఉన్నాయి. ఇంకా వాన లేదు. అమ్మాయి తండ్రి వసారాలో కూర్చుని విత్తనానికి శనక్కాయలు ఒలుస్తున్నాడు. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. ఆ రోజు నేను తాగలేదని, మీ అమ్మాయి కాలు తగిలి మెదడు అదిరిందని, సిగ్గుపడి తాగినట్టు చెప్పుకున్నానని. నా భార్య డాక్టరు కాగితాలు తీయబోతే ఆయన వద్దన్నాడు.

"తాగుబోతు కాదని చెప్పనీకి వచ్చినావు. సరే, నమ్ముతా. కానీ ఆ ఆటలో తలకాయకు ఇంత జరుగుతాదని కూడా నువ్వే చెప్తాండావు. మరి నేనెట్ల పంపేది?"

అమ్మాయి లోపలి నుంచి వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"సార్ తాగలేదని నేను అందరికీ చెప్తాంటి. ఎవరూ నమ్మలే" అంది. తర్వాత నా వైపు చూడకుండా అంది: "నాకు కూడా తగిలింది సార్, చలికాలంలో. ఆ వారమంతా పుస్తకంలో అక్షరాలు కదిలినాయి. మీకు చెప్తే అందరి ముందర నవ్వుతారని చెప్పలే."

తండ్రి చేతిలో కాయ అట్లాగే ఆగిపోయింది. ఆయనకూ అప్పుడే తెలిసింది. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆ దెబ్బ ఏ రోజు తగిలిందో, నేను ఏమన్నానో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. నీళ్లు తాగించి నిలబెట్టి ఉంటాను. అందరినీ అట్లాగే చేశాను కదా.

"నువ్వేమంటావు?" అని తండ్రి ఆమెను అడిగాడు.

"నాకు కప్పులొద్దు నాయనా. బస్సు దిగి చేన్ల మధ్య ఒక్కదాన్నే నడుచుకుంటా వస్తా. ఇది నేర్చుకోకముందు యెనక బండి చప్పుడైతే కాళ్లు వణుకుతాండె. ఇప్పుడు వణకవు. అది పోగొట్టుకోను. తలకు కొట్టేది మాత్రం వద్దు. సంచికి కొడతా, కాళ్లు, చేతులు, తప్పించుకునేది, అన్నీ నేర్చుకుంటా."

తండ్రి నన్ను చూశాడు. "అయితాదా?"

"అయితాది" అన్నాను.

"ఈ మాట నా ఒక్కనికి కాదు. అందరి ముందర చెప్పు. ఏం జరిగిందో కూడా చెప్పు."

ఆ తర్వాతి వారం తల్లిదండ్రులను మళ్లీ అదే ఆవరణకు పిలిచాను. ఆ రోజు ఏం జరిగిందో, నేనేం అబద్ధం చెప్పానో చెప్పాను. ఇకమీద తల మీద దెబ్బలుండవని, తలకు కొట్టే పోటీలకు నేను పంపనని చెప్పాను. పోటీలు లేని ఆట ఎందుకని కొందరు పిల్లలను తీసుకుపోయారు, భయపడి ఇంకొందరు. ఉన్నవాళ్లు ఉన్నారు. ఆ అమ్మాయి వచ్చింది.

చివరిగా ఒక తల్లి లేచింది. చాలా ఏళ్లుగా కొడుకును నా దగ్గరికి పంపుతున్న మనిషి.

"ఇంతవరకూ మా పిల్లోనికి తగిలినవాటి సంగతేందప్పా?"

"తెలీదమ్మా" అన్నాను. "డాక్టరు కూడా ముందుగా చెప్పలేమన్నది."

"నీకు తెలీకనే కొట్టిచ్చినావా?"

ఆమె కొడుకును మాన్పించలేదు. కానీ ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం తనూ వెంట వస్తుంది. స్కూలు మెట్ల మీద కూర్చుని, క్లాసు అయ్యేదాకా నా చేతులనే చూస్తూ ఉంటుంది.