పారాయణం రోజు ఆగిన మెయిలు

అడగకముందే మన అవసరం ఎరిగినవాడూ, మన చేయి అందనంత దూరాన ఉన్న మనవాళ్ళను తన కాపుదలలో ఉంచేవాడూ అయిన అల్లాహ్‌కే సకల స్తోత్రాలు.

మొన్న మా ఇంట్లో కాసేపు ఇంటర్నెట్ ఆగేసరికి కోడలు కంగారుగా గదులన్నీ తిరుగుతుంటే, నాకు వించిపేటలోని పాత ఇల్లూ, రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో అక్కడ నేను నిలబెట్టిన మెయిల్ సర్వరూ గుర్తొచ్చాయి. సర్వరంటే పెద్దదేదో అనుకోకండి, ఆఫీసులో పక్కన పడేసిన కంప్యూటర్‌ని తెచ్చుకుని, పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీతో అందులో లినక్స్ ఎక్కించి, సగమే అర్థమయ్యే సెట్టింగులతో నెలల తరబడి కుస్తీ పట్టి నడిపించినది.

ఆ ఏడు మా అమ్మానాన్నలు వీధివాళ్ళు కొందరితో కలిసి హజ్‌కు వెళ్ళారు. అక్కణ్ణుంచి ఫోను కలవడం కష్టం గనక, వెంట వెళ్ళిన మా బావగారు నెట్ సెంటర్లో కూర్చుని అందరి తరఫునా మెయిళ్ళు రాసేవారు. మా కంప్యూటరు ప్రతి నమాజు తర్వాత టెలిఫోను లైను మీద తనంత తానే డయల్ చేసి, వాటిని తెచ్చి, ఏ ఇంటివి ఆ ఇంటి పేరున సర్దిపెట్టేది. సాయంత్రం అసర్ నమాజు అయ్యేసరికి ఆడవాళ్ళు గుమ్మంలో ఉండేవారు. "మా ఆయన ఏమన్నా రాశాడా అబ్బాయ్, అక్కడికెళ్ళి మమ్మల్ని మర్చేపోయాడా?"

ఒక మధ్యాహ్నం హాజీల గుడారాల దగ్గర మంటలు లేచాయని టీవీలో చెప్పారు. వీధిలోని ఆడవాళ్ళంతా మా ముందు హాల్లో చేరి, మా మేనత్త పెద్దరికాన ఖురాన్‌లోని యాసీన్ అధ్యాయం పారాయణం మొదలుపెట్టారు. వాళ్ళు కూర్చున్నచోటికి మగవాళ్ళం వెళ్ళం గనక నేను వెనకగదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మోడెం డయల్ చేయబోయి ఆగిపోతోంది. ఆ పొద్దున్నే మార్చిన సెట్టింగు వల్లనేమోనని దాన్ని తిరిగి పాతలాగే పెట్టాను, కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశాను. డయల్ టోన్ లేదనే తెర మీద పడుతోంది. లైనే పోయిందేమో ఎత్తి చూద్దామంటే ఫోనేమో హాల్లో ఉంది, పారాయణం మధ్యలో ఎవరినీ పలకరించలేను. నాన్న మోకాళ్ళ నొప్పితో వేగంగా నడవలేడనీ, అమ్మకు కళ్ళజోడు లేకపోతే దారి కనపడదనీ తలుచుకుంటుంటే, చిన్నప్పటినుంచీ కంఠస్థమైన ఖురాన్ ఆయతులే నా నోట తడబడ్డాయి.

పారాయణం ముగియగానే పరదా ఇవతల నుంచి అడిగాను. "అత్తా, ఫోనొకసారి ఎత్తి చూడు, టోను వస్తోందా?"

"ఎట్టా వస్తదిరా? వైరు నేనే పీకాను. అల్లాహ్ మాట చదువుతుంటే మధ్యలో అది గోల పెడితే ఎవరు లేస్తారు?"

"మెయిలు వచ్చేది కూడా ఆ వైర్లోంచే కదత్తా!"

వైరు పెట్టిన చప్పుడు, ఆపైన మోడెం కీచుమనడం నాకిప్పటికీ వినబడతాయి. బావగారి మెయిలు వచ్చింది. మంటలు లేచినప్పుడు మనవాళ్ళు అక్కడ లేరట, అమ్మ సంచీ మాత్రం కాలి, గోంగూర పచ్చడి పోయిందని ఆవిడకు ఒకటే విచారమట. కింద క్షేమంగా ఉన్నవాళ్ళ పేర్లు. నేనొక్కో పేరూ చదువుతుంటే, పరదా అవతల అంతమందీ ఒక్కో పేరుకూ అల్‌హందులిల్లాహ్ అంటున్నారు. చివరి పేరు దగ్గర ఆగిపోయాను.

"మా అన్న పేరు చదవరా," అంది అత్త, ఏడుపు ఆపుకుంటూ.

చదివాను.

ఇప్పుడు ప్రతి హాజీ చేతిలోనూ ఫోనుంది, ఎవరి కబురు వారి గదిలోకే వస్తోంది, అంతటి ఆత్రం ఇంకెవరికీ లేనందుకు సంతోషమే. కానీ ఆ రోజు తనవాళ్ళ పేరు కోసం ఎదురుచూస్తూనే ప్రతి ఇల్లాలూ పక్కవాళ్ళ పేర్లన్నిటికీ కృతజ్ఞత చెప్పింది. ఇవాళ మా పక్కింటివాళ్ళు హజ్‌కు వెళ్ళిన సంగతి, వాళ్ళు తిరిగొచ్చి ఖర్జూరాలు పంపితే గానీ మాకు తెలియలేదు.

ఇది చదువుతున్న మీరు కూడా, పేరు తెలియకపోయినా సరే, ఈ పూట ప్రయాణంలో ఉన్న ప్రతి ఒక్కరి క్షేమం కోసం నాతోపాటు చేతులెత్తండి. ఆమీన్.