బాగైనట్టు చెప్పడానికి

కోరుట్లలో ఎక్కిన జగిత్యాల బస్సులో నా పక్కన బీడీలు చుట్టే ఒకామె కూర్చుంది. దవాఖానకు పోతున్నానంది. జబ్బేమిటని అడిగాను.

“ఇప్పుడేం లేదన్నా. ఒకప్పుడు కుడిపాదం లేవకపోతుండె. అందరు నడుముకే మందులిచ్చిండ్రు. గీ దవాఖాన డాక్టరు సారు బీడీల చాట తెమ్మన్నడు. తన ముంగట కింద కూసోని చుట్టుమన్నడు. మడిచిన కాలుమీద బరువు పడి నరం నలుగుతుందని గప్పుడు పట్టిండు. కూసునే తీరు మార్చినంక బాగైంది.”

“మరి ఇప్పుడెందుకు?”

“బాగైనోళ్లు మళ్ల పోకుంటె సారుకెట్ల తెలుస్తది? ఏటా పోయి చెప్పొస్త. బాగున్నోళ్లకు ఓపీ చిట్టీ రాయరు, గదొక్కటే తిప్పలు.”

దవాఖాన దగ్గర దిగి చకచకా నడిచింది. కిటికీలోంచి చూస్తున్నాను. గేటు రాగానే కుడికాలు కొంచెం ఈడ్వడం మొదలుపెట్టింది.