ఎవరబ్బాయివని అడగని చోటు

మా లెక్కల మాస్టారు పోయారని గురజాలలో బండెక్కి మాచర్లలో దిగిన ఒకాయన చెబితే తెలిసింది. మాచర్ల స్టేషను గూడ్సు ఆఫీసులో నేను గుమాస్తాని. రాస్తున్న కలం పక్కన పెట్టాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, అదీ పాతదే.

ఆయన పిల్లల్ని కొట్టేవారు కాదు. లెక్క ఎక్కడ తప్పిందో అక్కడ వేలు పెట్టి, మనం చూసేదాకా తీసేవారు కాదు. బడి అయ్యాక నన్ను వాళ్ల అరుగు మీద కూర్చోబెట్టి చీకటి పడేదాకా చెప్పేవారు. మాస్టారి భార్య, అమ్మగారు, మజ్జిగన్నం పెట్టేవారు. మా నాన్న నాపరాళ్ల గనిలో కూలి. అయినా ఆ ఇంట్లో నన్ను ఎవరూ తక్కువగా చూడలేదు. ఆ రుణం కాదనను.

"ఒరేయ్, మన పల్నాట్లో మనిషి కనపడితే చాలు, ఎవరబ్బాయివని అడుగుతారు. మద్రాసు పెద్ద కాలేజీలో అట్టా అడగరు. లెక్కొచ్చా రాదా, అంతే," అనేవారు. నేను నమ్మాను. మా అమ్మ నాకంటే ఎక్కువ నమ్మింది.

మద్రాసులో ఇంటర్వ్యూ గదిలో ఒక తెల్లదొర, పక్కన ఒక తెలుగాయన ఉన్నారు. తెలుగాయన మొదట అడిగిందే, "ఎవరబ్బాయివి?" అని. చెప్పాను. మద్రాసులో తెలిసినవాళ్లెవరన్నారు. ఎవరూ లేరన్నాను. ఇక వెళ్లమన్నారు. ఒక్క లెక్క అడగలేదు. నా తర్వాత వెళ్లినవాడు మా క్లాసువాడే, మోతుబరి కొడుకు, నా లెక్కలు చూసి రాసుకునేవాడు. లోపల వాడి తాతగారి యోగక్షేమాలు అడుగుతూ నవ్వుకోవడం వరండాలోకి వినిపించింది. సీటు వాడికొచ్చింది.

తిరిగొచ్చి మాస్టారికి అంతా చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"మీకు ముందే తెలుసా మాస్టారూ?"

"తెలుసురా. నన్నూ అదే అడిగి వెనక్కి పంపించారు."

"మరి నాకెందుకు చెప్పలా?"

"చెబితే ఇంత చదివేవాడివా?"

నమ్మించి గొంతు కోయడమంటే ఇదే అనుకున్నాను. సీటివ్వనివాళ్ల మీద నాకంత కోపం లేదు, వాళ్లెవరో నాకు తెలియదు. ఈయన నాకు తెలుసు. ఇప్పుడు దొరలు వెళ్లిపోయి ఆ గదిలో అందరూ మనవాళ్లే కూర్చున్నారు. అడిగేది మాత్రం అదేనట.

నేను మద్రాసు నుంచి తిరిగొచ్చిన ఆ సాయంత్రం మాస్టారు నన్ను వెళ్లనివ్వలేదు. "వాళ్లు అడక్కపోతే ఏందిరా, నేనడుగుతా," అని ఉన్నవాటిల్లోకెల్లా కష్టమైన లెక్క ఒకటి చెప్పారు. జవాబు నాకు వెంటనే తట్టింది. చెప్పలేదు. ఇవాళ అడిగినా చెప్పను. ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నా మొహంలోకి చూస్తూ కూర్చున్నారు. లోపల అమ్మగారు దీపం పెట్టారు. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నారు.