తొందరపడ్డ చప్పట్లు

టైపిస్టమ్మ చేతులు ఊరికే ఉండవు. కూరలు తరుగుతున్నా, బస్సు కోసం నిలబడినా వేళ్లు ఏదో ఒకదాని మీద తాళం వేస్తూనే ఉంటాయి. రేడియోలో ఆ పాట వస్తే మాత్రం ఒళ్లో ముడుచుకుంటాయి. నలభై ఏళ్ల కిందట ఆవిడ ఒక రికార్డింగ్ స్టూడియోలో ఉత్తరాలు టైపు చేసేది. నలుగురు జులపాల కుర్రాళ్లు గిటార్లు, డ్రమ్ములు మోసుకొచ్చి ఒకే ఒక్క పాప్ రాక్ పాట రికార్డు చేసుకుంటూ, చప్పట్లకు మనుషులు చాలక, "అక్కా, ఒక్కసారి రండి" అని ఆవిణ్ణి మైకు ముందుకు లాక్కెళ్లారు. మూడో పల్లవిలో ఆవిడ కంగారులో తాళం కంటే ముందే చప్పట్లు కొట్టేసింది. ఆవిణ్ణి చూసి మిగతావాళ్లూ కొట్టేశారు. స్టూడియో గడువు అయిపోయింది, మళ్లీ రికార్డు చేసే వీల్లేదు. డ్రమ్ములబ్బాయి నవ్వేసి, "పోనీలెండక్కా, ఎవరు వింటారు?" అన్నాడు. ఊరంతా విన్నది. సెలూన్లలో, బస్సుల్లో, కాలేజీ మెట్ల మీద ఆ పాటే. మూడో పల్లవి వచ్చేసరికి ఆవిడకు తల కొట్టేసినట్టయ్యేది. ఆ చప్పట్లు తనవని కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు.

మొన్న మనవరాలు పుట్టినరోజుకు స్నేహితురాళ్లను పోగేసి ఆ పాటే పెట్టింది, అమ్మమ్మను గుంజుకొచ్చి మధ్యలో నిలబెట్టింది. టైపిస్టమ్మ ఊపిరి బిగబట్టి, ఇన్నేళ్లూ లోలోపల దిద్దుకున్నట్టే, మూడో పల్లవిలో సరిగ్గా తాళానికి కొట్టింది. పిల్లలంతా అప్పటికే కొట్టేశారు. ఆవిడ చప్పుడొక్కటే వెనకబడి వినిపించింది. అందరూ పగలబడి నవ్వారు. "అయ్యో అమ్మమ్మా, అక్కడ కాస్త ముందే కొట్టాలి! ఆ పాటకు అందమే అది" అంటూ మనవరాలు ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది.

"ఏదీ, మళ్లీ చూపించవే" అంది టైపిస్టమ్మ.