నా కొక్కెం, నలగని నిమ్మకాయలు

సిద్దిపేటలో ఒక ట్రాక్టర్ తన ట్రాలీని నడిరోడ్డున వదిలేసి, ఒంటరిగా తొగుట దారి పట్టిన రోజు ఒకటుంది. ఆ ట్రాలీ మీద మొక్కజొన్న బస్తాల పైన, మెడలో బంతిపూల దండతో నిలబడి జనానికి చెయ్యి ఊపుతున్న మేధావిని నేనే. జరిగిన వినాశనానికి కారకురాలిని కూడా నేనే. తప్పు ఇంకొకరి మీదికి నెట్టాలని చాలా చూశాను గానీ, సాక్షులు మరీ ఎక్కువైపోయారు.

తొంభైల మొదట్లో మాట. హైదరాబాదులో ఎంటెక్ వెలగబెడుతున్నాను. ఫైనైట్ ఎలిమెంట్ అనే పద్ధతి నా చదువు. భయపడకండి, కూరగాయలు తరిగిన వాళ్ళకు సగం వచ్చినట్టే. ఒక ఇనుప వస్తువును కంప్యూటర్లో చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క మీద ఎంత భారం పడుతుందో లెక్కగట్టి, అన్నీ కలిపి అది విరుగుతుందో లేదో చెప్పాలి. ఇందులో రెండు దారులున్నాయి. డైనమిక్ అంటే, వస్తువు అదిరినా ఎగిరినా ఉన్నట్టుండి గుంజుకున్నా, క్షణక్షణం దానికేమవుతుందో చూసే లెక్క. క్వాసీ స్టాటిక్ అంటే, బరువు మెల్లమెల్లగా, ఎంతో మర్యాదగా వచ్చి పడుతుందనీ, అదురూ బెదురూ ఉండవనీ అనుకుని చేసే లెక్క. మొదటిదానికి మా కాలేజీ కంప్యూటర్ రోజుల తరబడి మూలిగేది. రెండోది నేను భోంచేసి వచ్చేసరికి తయారు. నేను ఏది ఎంచుకున్నానో వేరే చెప్పాలా?

నా ప్రాజెక్టు, ట్రాలీని ట్రాక్టర్‌కు తగిలించే ముందరి కొక్కెం. అందరూ వాడుతున్న దాంట్లో సగం మందం చాలని తేల్చేశాను. అయితే మా సారు ఒక మెలిక పెట్టారు. ఎవరైనా ఆ కొక్కెం తయారుచేసి, వాడి, పనికొచ్చిందని ఉత్తరం రాసివ్వాలి. ఉత్తరం లేకపోతే ఇంకో ఏడాది అదే హాస్టల్, అదే పప్పు. దాంతో సిద్దిపేటలో మా బాపు దోస్తు ఖాజా చాచా వెల్డింగ్ షాపు మీద పడ్డాను.

చాచా చేసిన ట్రాలీ ఏదీ ఇంతవరకు రిపేరుకు వాపసు రాలేదు. ఆయనకున్న గర్వమంతా అదొక్కటే. నేను మూర పొడుగు కంప్యూటర్ కాగితం పరిచి గంటసేపు ఉపన్యాసం ఇచ్చాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని అంతా చూశాడు.

"లెక్క మస్తుంది బేటీ. గిండ్ల జట్కా ఏడున్నది?"

"జట్కా లేదు చాచా. ఒక్కసారే కుదుపు రాదని, మెల్లగ గుంజుతరని అనుకున్న."

"ఎవలు గుంజేది మెల్లగ? గీ ట్రాలీ తొగుట మల్లయ్యది. ఆయన క్లచ్ ఇడిస్తే ట్రాక్టర్ దుంకుతది, ఎర్కేనా?"

"కంప్యూటర్ తప్పు చెప్తదా చాచా?"

"కంప్యూటర్ తప్పు చెప్పదు బేటీ. నువ్వు అడగనిది గూడ చెప్పదు."

ఆ మాట అప్పుడే చెవికెక్కి ఉంటే ఈ కథే ఉండేది కాదు. కానీ నాది ఎంటెక్ చెవి. "నాకు ఉత్తరం రాకుంటే ఏడాది పోతది చాచా" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఆయన నిట్టూర్చి నా సన్న కొక్కేన్నే అతికించాడు. ఎప్పుడూ వాడే మందపు కొక్కేన్ని మాత్రం గోడకున్న మేకుకు తగిలించి, మళ్ళీ వెల్డింగ్ పని పడుతుందన్నట్టు గ్యాస్ సిలిండర్‌ను దాని పక్కకు జరిపాడు. పెద్దాయన చాదస్తం అని నవ్వుకున్నాను.

మల్లయ్య ట్రాలీ తీసుకెళ్ళే రోజు ముందుగా నా పరీక్ష. బస్తాలు ఒక్కొక్కటే, పసిపిల్లను పడుకోబెట్టినట్టు పెట్టించాను. "మెల్లగ! ఇంకా మెల్లగ!" అని అరుస్తూనే ఉన్నాను. ఆఖరి బస్తా పడ్డా కొక్కెం చెక్కుచెదరలేదు. మల్లయ్య మురిసిపోయి, ట్రాలీకి తెచ్చిన దండల్లో ఒకటి నా మెడలో వేశాడు.

"పట్నంల సదివిన బిడ్డ! ఎక్కు, పైకెక్కి నిలవడు. గీ చౌరస్తా దాక నిన్ను ఊరేగిస్త!"

"ఎందుకులే కాకా" అంటూనే ఎక్కేశాను. ట్రాలీ టైర్ల కింద రెండు నిమ్మకాయలు పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. మల్లయ్య ట్రాక్టర్ స్టార్ట్ చేసి, దేవుణ్ణి తలుచుకుని, క్లచ్ మీంచి కాలు ఒక్కసారే తీసేశాడు.

'టప్' మంది. అంతే. నేను రెండు నెలలు కష్టపడి ముక్కలుగా కోసిన కొక్కెం, ఒక్క క్షణంలో తనే రెండు ముక్కలైంది. ట్రాలీ ముక్కు నేలకు కొట్టుకుంది. బస్తాల మీంచి నేను జారి, దండతో సహా రోడ్డు మీద కూర్చున్నాను. ఒక బస్తా మూతి ఊడి, నా మీద మొక్కజొన్నలు అక్షింతల్లా రాలాయి. టైర్ల కింద నిమ్మకాయలు పచ్చగా, గుండ్రంగా, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ట్రాక్టర్ మాత్రం ఆగకుండా వెళ్ళిపోయింది.

కాసేపటికి మల్లయ్య తిరిగొచ్చాడు, చెమటలు కక్కుతూ.

"చౌరస్తల పోలీసాయన అడిగిండు, ట్రాలీకి దండేసినవటగద, ట్రాలీ ఏదని. గప్పుడు ఎనక్కి మర్లి చూసిన!"

"గంత దూరం తెల్వలేదా మల్లయ్యా?" అన్నాడు చాచా.

"బండి గాలిలెక్క పోతుంటె, కంప్యూటర్ హుక్కు గదా, గందుకే ఇంత తేలికున్నదని మురిసిన ఉస్తాదూ!"

జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. నా ఏడాది పోతే పోయింది, చాచా పేరు కూడా చెడగొట్టానని ఏడుపొచ్చింది.

"చాచా, నా వల్ల మీ ట్రాలీ వాపసొచ్చింది."

ఆయన అప్పటికే మందపు కొక్కెం మేకు మీంచి తీస్తున్నాడు. "వాపసేడొచ్చింది బేటీ? అసలు పోతే గద!"

అరగంటలో అతికించాడు. మల్లయ్య మళ్ళీ క్లచ్ వదిలాడు. ట్రాక్టర్ దూకింది, ట్రాలీ వెంట దూకింది, నిమ్మకాయలు చితికాయి. నేను పైకెక్కలేదు.

సాయంత్రం సిగ్గు విడిచి ఉత్తరం అడిగాను. చాచా అబద్ధం రాయడు, బాపు దోస్తు బిడ్డకు లేదనలేడు. ఆలోచించి ఆలోచించి రాసిచ్చాడు. నేను ఒళ్ళో కవరు పెట్టుకుని, విప్పే ధైర్యం లేక, అట్లాగే వైవాకు తీసుకెళ్ళాను. ప్రశ్నలడగడానికి బయటినుంచి వచ్చిన పెద్దాయన దాన్ని విప్పి పైకే చదివాడు.

"ఈ అమ్మాయి కొక్కెం చాలా మంచిది. ట్రాలీ నిలబడి ఉన్నంతసేపు దీనికి ఢోకా లేదు. కదిలించాలనుకునే వాళ్ళు నా దగ్గరికి రావాలి."

గది గొల్లుమంది. పెద్దాయన కళ్ళు తుడుచుకుని, "క్వాసీ స్టాటిక్ పరిమితుల గురించి నేనడగాల్సిన ప్రశ్నకు జవాబు ఇదే. రాసినాయన ఎక్కడ చదివారమ్మా?" అన్నాడు. పాస్ చేశాడు, నన్ను చూసి కాదు.

కాబట్టి చదువరులారా, చితికిన ఆ రెండు నిమ్మకాయల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. తొగుట మల్లయ్య కాక స్వయంగా వచ్చి క్లచ్ వదిలేదాకా, ఈ జన్మలో ఏ వస్తువునూ గట్టిదని అనను. ఒకవేళ అన్నా, దాని మీదికి మాత్రం ఎక్కను.