గెట్ మాస్టారు

ఇంగ్లీషులో క్రియలు వేలల్లో ఉన్నాయంటారు. కొవ్వూరు శాంతికుమార్ మాస్టారి దగ్గర మాత్రం ఒక్కటే ఉంది: గెట్. ముప్పయ్యేళ్లు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి, నిద్ర లేచినా గెట్టే, బస్సెక్కినా గెట్టే, జ్వరమొచ్చినా గెట్టే. క్షవరం చేయించుకుని బయటికొస్తే, "ఐ గాట్ ఇట్ కట్" అంటూ దారినపోయేవాళ్లకు తల వంచి చూపించేవారు.

పక్కింటి జానకిరామ్ పెళ్లి భోజనాల దగ్గర మైకిస్తే, "గెట్ అప్, గెట్ ఆన్, గెట్ ఎలాంగ్" అని వధూవరుల్ని దీవించారు. లేవండి, ఎదగండి, కలిసిమెలిసి ఉండండి అని ఆయన భావం. మొదటి ముక్క మాత్రమే అర్థమైన బంధువులు సగం తిన్న విస్తళ్ల ముందు నుంచి లేచి నిలబడ్డారు. ఆయనకు పెన్షన్ కూడా ఆ ఒక్క మాటకే ఇస్తున్నారని పాత హెడ్మాస్టరు చంద్రరావుగారు ఊరంతా చెప్పి నవ్వించేవారు.

అలా నవ్వినవాళ్లలో సారిక ఒకతె. నర్సింగ్ పాసైంది గానీ, ఎవరైనా ఇంగ్లీషులో ప్రశ్న వేస్తే చాలు, నోటికి తాళం పడిపోయేది. రాజమండ్రిలో రెండు ఆసుపత్రుల ఇంటర్వ్యూలు అలాగే పోయాయి. మూడోదానికి పది రోజులే గడువు. ఇదీ పోతే తణుకులో చీరల షాపులో చేరమని ఇంట్లో తేల్చి చెప్పేశారు. కోచింగ్ వాళ్లిచ్చిన లావుపాటి పుస్తకం చూస్తేనే ఆమెకు చెమటలు పట్టేవి. ఇక దారిలేక మాస్టారి గుమ్మమెక్కింది. ఒక్క మాటే వచ్చినాయన ముందు తప్పులు మాట్లాడటానికి సిగ్గెందుకని ఆమె ధైర్యం.

పది రోజులూ మాస్టారు క్రోటన్ మొక్కలకు నీళ్లు పోస్తూనే రోగి వేషం కట్టారు. మూలిగేవారు, మొక్కల మడిలోనే కూలబడేవారు, మందు మింగనని మొరాయించేవారు. సారిక గెట్‌తోనే ఆయన్ని లేపేది, గెట్‌తోనే నయం చేసేది.

రోగి మంచం మీద నుంచి పడితే ఏం చేస్తావని ఇంటర్వ్యూలో అడిగారు. "ఐ గెట్ హెల్ప్. ఐ గెట్ ది డాక్టర్. ఐ గెట్ హిమ్ వెల్," అంది సారిక, తడుముకోకుండా. ఉద్యోగం ఇచ్చేశారు.

ఆదివారం కాజాల డబ్బా పట్టుకుని మాస్టారి కోసం లూథరన్ చర్చికి వెళ్లింది. ఆరోజు విదేశీ బోధకుడొకాయన ప్రసంగం. ఎప్పుడూ తర్జుమా చేసే పాస్టరుగారికి గొంతు పోవడంతో, బోధకుడి పక్కన నిలబడి ఒక్కో వాక్యాన్నీ తెలుగు చేస్తున్నది మాస్టారే. ఆరాధన అయ్యాక ఇద్దరూ గోదావరి వరదల గురించి అరగంట ఇంగ్లీషులో కబుర్లాడుకున్నారు. సారిక పక్కనే నిలబడి వింది. మాస్టారి నోట ఒక్క గెట్ దొర్లలేదు.

అతిథి వెళ్లాక దగ్గరికెళ్లింది. "ఇంత ఇంగ్లీషు ఎక్కడ దాచారండి మాస్టారూ?"

ఆయన దొరికిపోయినవాడిలా అటూ ఇటూ చూశారు. "చంద్రరావుగారికి చెప్పకమ్మా. నాకింత వచ్చని తెలిస్తే నీలాంటివాళ్లు నా ముందు నోరు విప్పుతారా?"

ఇన్నాళ్లూ నవ్వినందుకు సారికకు సిగ్గేసింది. ఆ వెంటనే ఆయనంటే చెప్పలేనంత ఇష్టం కలిగింది. డబ్బా తెరిచి ఒక కాజా ఆయన చేతిలో పెట్టింది.

మాస్టారు దాన్ని నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని నమిలి, మళ్లీ చెయ్యి చాపారు.

"గెట్ మీ వన్ మోర్."